అపరిచితులతో సంభాషణము



మన పల్లెలలో బస్సుకొఱకు వేచియున్న పెద్దమనిషి, ప్రక్కన కూర్చున్న క్రొత్తవానితో మొదట నేమనునో మీ రెల్లరు నెఱుగుదురు. "మనది ఏ ఊరండీ?" అని యడుగును. "మీది ఏ ఊరు" అని యడుగువారును గలరు. కాని వయసు చెల్లినవారిలో పెక్కురు "మన" యనియే యందురు. ఈ చిన్నమాటయం దొక విశేషము గలదు. తెలుగున "మేము" వేఱు, "మనము" వేఱు. "మేము" అన్నచో వినువాడు వెలుపల నుండును. "మనము" అన్నచో వినువాడును లోపలికి వచ్చును. సంస్కృతమున నీ భేదము లేదు; "వయమ్" అను నొక్కపదమే రెండింటికిని చాలును. ఇంగ్లీషునందును నంతియే. తమిళము వంటి సోదరభాషలయందు మాత్ర మీ భేదము కానవచ్చును. కావున పేరైనను తెలియని మనుష్యుని చూచి "మనది ఏ ఊరు" అని యడుగునప్పుడు, ఆ పెద్దమనిషి యాతని బదులు వినకమునుపే యాతనిని తనవారిలో చేర్చుకొనుచున్నాడు.

ఎన్నడును చూడనివారితో మాటలాడుటవలన కలుగు సంతోషమే నేటి నా ప్రసంగవిషయము. ఆ సంతోష మేల కలుగును, దానినుండి మన మేల వెనుదీయుదుము, దాని నెట్లు మొదలిడవలయును, ఎచట నాపవలయును అను సంగతులను మీకు విన్నవింతును.

ఇప్పుడు రైలుపెట్టెలో నెనమండుగురు కూర్చున్నచో నెనమండుగురి చేతులలోను ఫోనులుండును. ఈ యంత్రము వచ్చి మనుష్యుల నోళ్ళు మూసినదని మన యీడువారు నిందింతురు. నింద కొంత నిజమే. కాని చేతులలో ఫోనులు లేని దినములయందే నేను నోరు మూసికొని ప్రయాణము చేసినవాడను. నాకు పుస్తకమే యడ్డము. ఆ సంగతి మొదట చెప్పికొనుట న్యాయము.

ఇది యిరువదియైదేండ్లనాటి మాట. నేను విజయవాడలో ప్యాసింజరుబండి యెక్కి రాజమహేంద్రవరమునకు పోవుచుంటిని. నా యెదుట నొక వృద్ధుడు కూర్చుండెను. ముతకపంచె, మాసిన కండువా, ఒడిలో నొక గుడ్డసంచి. ఆ సంచిని క్రింద పెట్టడు, పైబల్లమీద పెట్టడు. రెండుచేతులతోను పట్టుకొనియే యుండెను. శాస్త్రము చదివిన నేను ఆ మాత్రము చూచియైనను సంగతి గ్రహింపవలసినది. నాచేతిలో వ్యాకరణగ్రంథ ముండెను. చూపు దానిమీదనే యుండెను. ఆయన రెండుమూడుమాఱులు నావైపు చూచెను. నేను పుట త్రిప్పితిని. ఏలూరు దాటినది, తాడేపల్లిగూడెము దాటినది. నిడదవోలులో బండి యాగినప్పు డాయన మెల్లగా, "బాబుగారూ, గోదారి ఇంకెంత దూరమండీ?" అని యడిగెను. "అరగంట పట్టును" అంటిని. అంతతో నూరకుండుట బాగుగా దోపక, "ఎవరింటికి పోవుచున్నారు?" అని యడిగితిని. ఆయన సంచివంక చూచి, "ఎవరింటికీ కాదు బాబూ. మా ఆడమనిషిని గోదాట్లో కలపడానికి" అనెను.

పుస్తకము మూసితిని. ఆ యరగంటయు నాయన మాటలాడెను. ఒక్కడే కొడుకు, గల్ఫుదేశమున కూలిపని, సెలవు దొరకలేదు. భార్యతో నలువది యేండ్ల కాపురము. ఆమెకు రైలన్న భయమట. బ్రదికియుండగా నెన్నడును రైలెక్కలేదట. "ఇప్పుడెక్కించాను" అని నవ్వెను. నవ్వుచునే కన్నులు తుడుచుకొనెను. బండి కొవ్వూరు దాటి వంతెనమీదికి వచ్చినప్పు డాయన లేచి నిలుచుండెను. నేనును లేచితిని.

దాదాపు మూడుగంటలసేపు నా యెదుట నొక మనుష్యుడు మాటకొఱకు వేచియుండగా నేను పుటలు త్రిప్పుచు కూర్చుంటిని. గర్వముచేత గాదు. "ఆయనకు నాతో మాటలాడుట యిష్టమో కాదో" యనుకొంటిని. ఆయన యేమనుకొనెనో తరువాత తానే చెప్పెను: "తమరు చదువుకుంటున్నారు గదా, మనమెందుకు కదిలించాలి అనుకున్నాను బాబూ." ఒకరి యిష్టము నింకొకరు తప్పుగా నూహించి, ఇరువురమును మర్యాదపేరిట మూగలమైతిమి.

ఈ తప్పుటూహ నా యొక్కనిది కాదని పిమ్మట తెలిసికొంటిని. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమున నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అను మనశ్శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన మొకటి 2014లో ప్రకటింపబడినది. ప్రతిదినము రైలులో పనులకు పోవువారిలో కొందఱిని ప్రక్కనున్న క్రొత్తవారితో మాటలాడుడనిరి; కొందఱిని మాటలాడక యేకాంతముగా నుండుడనిరి; కొందఱిని వారి వాడుకచొప్పున పొండనిరి. వీరుగాక మఱికొందఱిని, "ఈ మూడు విధములలో ఏ ప్రయాణము సుఖముగా నుండునని తోచుచున్నది?" అని యూహ మాత్ర మడిగిరి. ఊహించినవారు క్రొత్తవారితో మాటలాడుచు చేయు ప్రయాణమే సుఖము తక్కువదని చెప్పిరి. నిజముగా ప్రయాణముచేసినవారు చెప్పినది దీనికి విరుద్ధము. మాటలాడినవారి ప్రయాణమే యెక్కువ సంతోషముగా జరిగినది. ఎరికా బూత్‌బీ మున్నగువారు 2018లో ప్రకటించిన మఱియొక పరిశోధనమున నింకొక సంగతి తేలినది. క్రొత్తవా రిరువురు మాటలాడుకొని విడిపోయిన తరువాత, "నే నాతనికి నిజముగా నచ్చినదానికంటె తక్కువగానే నచ్చితిని" అని ప్రతివాడును తలపోయునట. సంభాషణకు ముందొక భయము, తరువాత నొక సందేహము. రెండును పెక్కుసారులు కల్లలే. కాని యీ రెండును మన నోటికి తాళములు వేయుచున్నవి.

ఇక, క్రొత్తవారితో మాటలాడిన సంతోష మేల కలుగును? నాకు మూడు కారణములు తోచుచున్నవి. మొదటిది మీకు నవ్వు పుట్టించును. మనము నలువదిమాఱులు చెప్పిన తుపానుకథ మన యింటివారికి విసుగు. మొదలుపెట్టినంతనే మనుమడు లేచిపోవును. క్రొత్తవానికి మాత్ర మది క్రొత్తది. ఆతడు "తరువాత నేమైనది?" అని యడుగును. ఆ యొక్క ప్రశ్నతో మన పాతకథకు మరల ప్రాణము వచ్చును. అట్లే యాతని యింట నెవ్వరును వినని కథ మనకు క్రొత్తది.

రెండవది, క్రొత్తవానియెదుట మనము మన మంచిబుద్ధినే ధరింతుము. ఇంటిలో విసుగుకొనువాడును బస్సులో ప్రక్కవానికి జరిగి చోటిచ్చును, మెల్లగా పలుకును. కొంతసేపు మంచివానివలె మెలగినచో మనస్సును నా దారినే పోవును.

మూడవది యన్నిటికంటె లోతైనది. మన గుట్టు ఊరిలో చెప్పినచో నది సాయంకాలమునకు నలుగురి నోళ్ళలో నానును. దారిలో కలిసినవానితో చెప్పినచో నాతనితోనే దిగిపోవును. జర్మనుదేశపు సమాజశాస్త్రవేత్త గేయోర్గ్ జిమ్మెల్ 1908లో నీ సంగతిని విచారించి, దగ్గఱివారితో చెప్పుకొనరాని మాటలను సయితము మనుష్యులు క్రొత్తవారితో చెప్పికొందురని వ్రాసెను. ఆ వృద్ధుడు తన యూరిలో భార్యకొఱకు కంటతడి పెట్టియుండడని నా నమ్మకము. ఆయన ఇంటి పెద్ద. పదిమందికి ధైర్యము చెప్పవలసినవాడు. రైలుపెట్టెలో నా యెదుట నాయనకు నే బరువును లేదు.

ఇట్టి మాటను మొదలిడు విధము తెలిసికొనుటకు మనము విదేశములకు పోనక్కఱలేదు. వాల్మీకిరామాయణమున కిష్కింధాకాండారంభమునందే గలదు. ఋశ్యమూకముమీద నున్న సుగ్రీవుడు ధనుర్ధారులైన యిద్దఱు క్రొత్తవారిని చూచి, వారు వాలి పంపినవారని యెంచి భయపడెను. హనుమంతుడు భిక్షురూపమున వారికడకు వచ్చెను. మొదట నమస్కరించెను. వారి రూపమును, తేజమును కొనియాడెను. మీరెవరు, ఈ యడవి కేల వచ్చితిరి యని యడిగెను. అన్నదమ్ములు బదులాడలేదు. మనమైనచో నంతటితో "వీరికి పొగరు" అనుకొని మరలియుందుము. హనుమంతుడు కోపగింపలేదు. నేనింతగా మాటలాడుచుండగా మీరేల పలుకరని వినయముగా నడిగి, వారి సంగతి కొఱకు వేచియుండక తన సంగతి తానే చెప్పెను. తనను పంపిన సుగ్రీవు డెవ్వడో, యాతని కేమి కష్టము వచ్చినదో, తాను రూపము మార్చి వచ్చితినని సయితము దాచక చెప్పెను. అప్పుడు రాముడు లక్ష్మణుని చూచి యా మాటతీరును మెచ్చుకొనెను. ఆ పలుకున వ్యాకరణదోషము లేదు, అనవసరమైన విస్తారము లేదు, తొందర లేదు, సాగతీత లేదు. పలుకునప్పుడు మొగమున గాని కనుబొమలయందు గాని వికారము లేదు. రామసుగ్రీవుల మైత్రికి, తరువాతి సర్వమునకు నీ సంభాషణమే మొదలు.

ఇందు నేర్వదగినవి మూడు. కంటికి కనబడు మంచిని ముందు పలుకుట యొకటి. బదులు రానిచో మన సంగతి మనము ముందిచ్చుట రెండవది. మితముగా, ప్రసన్నముగా మాటలాడుట మూడవది. వీనిలో రెండవదానిని మనము తఱచు మఱచుచున్నాము. ప్రశ్నలే వేయుచు పోయినచో నెదుటివాడు సాక్షిబోనులో నిలుచున్నట్లు దిగులుపడును. "మా యూరిలో నింకను వానలు లేవండీ, నారుమళ్ళు ఎండుచున్నవి. మీవైపు నెట్లున్నది?" అన్నచో నాతనికిని చెప్పుట సులభమగును. వాన, పైరు, చేతిలోని మూట, ఒడిలోని బిడ్డ, ఎచట దిగవలయునను సంగతి, ఇవి చాలును.

అడుగరాని ప్రశ్నలును గలవు. జీతమెంత, పిల్లలేల లేరు, పెండ్లి యేల కాలేదు అనునవి పుండును గోకుట వంటివి. మన పెద్దలలో ఊరడిగిన వెంటనే కులమడుగు వాడుక యుండెను. కొందఱి కది నేటికిని పోలేదు. నేను పెరిగిన యింటియం దది ప్రశ్నగా గాక మర్యాదగానే చెల్లెడిది. నేనును నడిగినవాడనే. అడిగినప్పుడు ఎదుటివాని మొగ మెట్లు మాఱెనో చూచినపిమ్మట మానితిని. ఏలయన, "మన" యని లోపలికి పిలిచి, రెండవమాటతో నాతనిని వీధియరుగుమీదనే నిలువబెట్టుట యగును.

క్రొత్తవారితో మాటలాడుటవలన లోకజ్ఞానము వచ్చుననుటకు మన భాషయందే గొప్పసాక్ష్యము గలదు. చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదిన కాశీయాత్రకు బయలుదేఱి, 1831 సెప్టెంబరు 3వ తేదిన తిరిగివచ్చిరి. అప్పటికి మనదేశమున రైలు లేదు. హైదరాబాదు, నాగపురము, జబ్బలపురములమీదుగా కాశికి పోయి, కలకత్తా, పూరీజగన్నాథముల మీదుగా తీరపుదారిని మరలిరి. దారిలోని యూళ్ళు, నీటివసతి, అంగళ్ళు, సరకులు, ఆచారములు, భాషాభేదములు మున్నగువానిని వ్రాసి తమ మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళెగారికి పంపుచుండిరి. అది "కాశీయాత్ర చరిత్ర" యను పేర 1838లో అచ్చుపడినది. ఊరి బావిలోని నీరు మంచిదో కాదో, అంగడిలో బియ్యము దొరకునో దొరకదో కన్నులతో చూచుటచేతనే తెలియదు; ఆ యూరివా రెవ్వరైనను చెప్పవలయును. దారి పొడవునను పేరు లేని వందలమంది చెప్పిన మాటలు ఆ గ్రంథములో నున్నవి. మనకు మిగిలిన పేరు ఒక్క వీరాస్వామయ్యగారిదే.

నేటి శాస్త్రజ్ఞులును దీనికి దగ్గఱి సంగతిని చెప్పుచున్నారు. అమెరికాదేశపు మార్క్ గ్రానవెటర్ 1973లో ప్రకటించిన వ్యాసమున, పరిచయములద్వారా ఉద్యోగములు సంపాదించిన వారిని విచారింపగా, వారిలో నెక్కువమందికి ఆ కబురు తెచ్చినవారు ప్రాణమిత్రులు కారు, ఎప్పుడో యొకప్పుడు కలియువారే యని చూపెను. కారణము తేలికయే. దగ్గఱివారి కెఱుకయైనది మనకును ముందే యెఱుకయై యుండును. క్రొత్తవార్త దూరమునుండియే రావలయును. సంతలో కలిసినవాడు క్రొత్తవిత్తనముసంగతి చెప్పుట, బస్సులో కలిసినవాడు సంబంధముసంగతి చెప్పుట మీ యనుభవముననే యుండును.

అయినను లాభముకొఱకే మాటలాడువాని మాట త్వరలోనే పలుచబడును. లాభము తోడుగా వచ్చిన రానిండు. మాటకు ఫలము మాటయే.

ఇక నాపవలసిన చోట్లు. ఎదుటివాడు ముక్తసరిగా బదులిచ్చి కిటికీవైపు తిరిగినచో, ఆతనికి మౌనము కావలయునని గ్రహించి మనము నూరకుండవలయును. ఒంటరిగా ప్రయాణముచేయు నాడుపిల్లల విషయమున మఱింత జాగరూకత కావలయును. ఆమె మనతో మాటలాడవలయునను నియమ మెచ్చటను లేదు. దారిలో క్రొత్తవా రిచ్చిన తినుబండారములలో మత్తుమందు కలిపి దోచుకొనుటయు గలదు. ఇప్పుడు ఫోనులో "బ్యాంకువారము, పోలీసులము" అని పలికి వృద్ధుల సొమ్ము కాజేయువారును గలరు. గుర్తు సులభము. నిన్ను తొందరపెట్టువాడు, సొమ్ముగాని యంకెలుగాని యడుగువాడు, ఇంటివారికి చెప్పవలదనువాడు సంభాషణకు వచ్చినవాడు కాడు. వానితో మాట నంతటితో ముగింపుడు. అట్టివా రున్నారని లోకమునంతను మూసికొనుట మాత్రము దొంగల భయముచేత సూర్యునికిని తలుపు వేసికొనుటయే.

ఈ సంగతులను ముఖ్యముగా గ్రామపెద్దలకు చెప్పుట కొక కారణము గలదు. క్రొత్తవారికొఱకు మనము రైలెక్కనక్కఱలేదు. క్రొత్తవారే మన యూళ్ళకు వచ్చుచున్నారు. నాట్లకాలమున బీహారు, పశ్చిమబెంగాలు మొదలగు రాష్ట్రములనుండి కూలీలు వచ్చుచున్నారు. ఇటుకబట్టీలకు ఒడిశానుండి బిడ్డలతోకూడ కుటుంబములు వచ్చుచున్నవి. వారు మన చేలలో వంగి నాటి పోవుదురు, మన యిండ్లకు ఇటుకలు కాల్చి పోవుదురు. మేస్త్రీకి తప్ప నెవ్వరికిని వారి పేరు తెలియదు. భాష రాదు గదా యందురేమో! నీటిచెంబు చేతికిచ్చి పేరడుగుటకు భాష యెంత కావలయును? ఊరిపేరు ఏ భాషలో నైనను ఊరిపేరే. ఆ పేరు చెప్పునప్పుడు వారి మొగము చూడుడు, మీకే తెలియును. మన బిడ్డలును పాలమూరునుండి, శ్రీకాకుళమునుండి బొంబాయికి, గల్ఫునకు పోయి పరుల గోడలు కట్టుచున్నవారే. అచట నెవ్వడైనను మన బిడ్డను పేరుపెట్టి పిలిచి ఊరడిగిన బాగుండునని మనము కోరమా? మనము కోరుదానిని మనము ముందు చేయవలయును.

ఆ వృద్ధుని సంగతి ముగించి సెలవు తీసికొందును. గోదావరి స్టేషనులో దిగితిమి. నాకు వేఱుపని యుండినను పుష్కరఘట్టమువఱకు తోడుపోయితిని. కార్యము ముగిసినపిమ్మట నాయన ఖాళీసంచిని మడిచి భుజముమీద వేసికొని, మెట్లమీద నా ప్రక్కన కూర్చుండెను. ఎండ నీటిమీద పడుచుండెను. కొంతసేపు మా యిరువురకును మాటలు లేవు, అవసరమును లేదు. లేవబోవుచు నాయన నావైపు తిరిగెను. తెల్లవాఱినది మొదలు తన సంగతియే చెప్పెను గాని నా సంగతి యడుగనే లేదని యప్పుడు తోచినది కాబోలు.

"ఇంతకీ మనది ఏ ఊరు బాబూ?" అనెను.

చెప్పితిని. ఆయన విని, ఆ యూరి నెఱిగినవానివలె తలయూపెను.